ఈ ఆల్బమ్‌కి ఎన్ని పళ్ళు?

ఆ ల్యాబులో పాటల ఆల్బమ్‌కి మార్కులు వెయ్యరు, పళ్ళు వేస్తారు. ముప్పై రెండుకి ఎన్ని అని లెక్క. కట్టుడు పళ్ళు చేసే చోట ఇంకేం వేస్తారు చెప్పండి. వినలేకపోతే పద్నాలుగు, పరవాలేదనిపిస్తే ఇరవై, మనసు దోచేస్తే ఇరవై ఎనిమిది. చివరి నాలుగూ జ్ఞానదంతాలు కాబట్టి అవి ఎవరికీ ఇవ్వకూడదని మొదటి రోజే తీర్మానం చేసుకున్నారు. పదకొండేళ్ళలో ఏ ఆల్బమూ ఇరవై ఎనిమిది దాటలేదు.

గోడ మీద దీనికో పెద్ద చార్టు ఉంది. అందులో మూడు నిలువు గడులు. మొదటిది అచ్చు బాబాయిది. ఆయన ప్లాస్టర్ కలిపి నోటి అచ్చులు పోస్తాడు, అరవై దాటాడు, పాట అనేది తన పెళ్ళయ్యే నాటికే పూర్తయిపోయిందని ఆయన నమ్మకం. రెండోది ఆయన కోడలిది. మైనపు చిగుళ్ళలో పళ్ళు ఒక్కొక్కటే గుచ్చి వరస పేర్చడం ఆవిడ పని. పోయిన నెల కంటే ముందు వచ్చిన ఆల్బమ్‌ని ఆవిడ చరిత్ర కింద జమకడుతుంది. మూడోది ల్యాబు యజమానిది. ఆయన ఏ ఆల్బమ్‌కైనా ఇరవై ఒకటే వేస్తాడు, ఎందుకంటే మావా కోడళ్ళిద్దరితోనూ ఆయనకి పని పడుతుంది.

పొద్దున బాబాయి ఆల్బమ్, మధ్యాహ్నం కోడలి ఆల్బమ్. అరమీద స్పీకరు పెట్టి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా దాటెయ్యకుండా వినాలి. తర్వాత యుద్ధం.

"మీ పాటగాడు ఊపిరి పీల్చుకోడానికే సగం పాట వాడేశాడు మావయ్యా" అంటుంది కోడలు.

"మీవాడికి ఊపిరితో పనేముందమ్మా, యంత్రం పీలుస్తుంది, యంత్రం వదుల్తుంది" అంటాడు మావగారు. వాళ్ళిద్దరూ ఇంటికెళ్ళాక ఒకే కంచం ముందు కూర్చుని నవ్వుకుంటారని తెలియనివాళ్ళు ఆ మాటలు వింటే పెద్దమనుషుల్ని పిలుస్తారు.

ఇక నాలుగో మనిషి పాలిష్ అక్క. యజమానికి సొంత చెల్లెలు. మూల బెంచీ దగ్గర నిలబడి, తయారైన పళ్ళసెట్లని తిరిగే గుడ్డచక్రానికి ఆనించి నున్నగా మెరిపించడం ఆవిడ పని. మూతికి మాస్కు, కళ్ళకి అద్దాలు, రెండు చేతుల్లోనూ నీళ్ళలో తడిపిన పాలిష్ పొడి పూసిన పళ్ళసెట్టు, ముక్కుకి రెండు జానల దూరంలో మోటారు. ఆల్బమ్ అయిపోయి "ఎన్ని పళ్ళు?" అని కేక వినపడేసరికి ఆవిడ పని ఎప్పుడూ సగంలోనే ఉండేది. మోటారు ఆపి, చేతులు కడుక్కుని, మాస్కు కిందికి లాగి నోరు తెరిచేలోపు చార్టు నిండిపోయేది. మొదటి ఏడాది వేళ్ళు చూపించి చెప్పడానికి ప్రయత్నించింది. పది వేళ్ళతో ఇరవై ఆరు చూపించేసరికి టీ టైమయ్యేది. ఎవరికీ ఆవిడ మీద కోపం లేదు, చిన్నచూపూ లేదు. అదే వచ్చిన చిక్కు. పోట్లాడదామంటే ఒక్క శత్రువు కూడా దొరకడు.

అందుకని ఆవిడ రేడియోకి ఉత్తరాలు రాసేది. శుక్రవారం పొద్దున పదకొండింటికి 'శ్రోత మాట' అని ఒక కార్యక్రమం వస్తుంది, ఆల్బమ్‌ల మీద జనం అభిప్రాయాలు చదువుతారు. పదకొండేళ్ళుగా వారానికో ఉత్తరం. ఒక్కటీ చదవలేదు. చదవకపోవడానికి కారణం లేకపోలేదు. ఊరంతా నెత్తిన పెట్టుకున్న పాత ఆల్బమ్‌ల గురించి ఆవిడ నిర్మొహమాటంగా "అంతా బాగుంది గానీ వెంట్రుకవాసి శ్రుతి తప్పింది" అని రాసేది. ఒకదాని గురించి రాస్తే సరే, దాదాపు అన్నిటి గురించీ అదే మాట. అచ్చు బాబాయి ప్రాణం పెట్టుకున్న 'నీలి గొడుగు' గురించైతే మూడు ఉత్తరాలు రాసింది. అంత గొప్ప గొంతు అంత మొండిగా శ్రుతి తప్పి ఎలా పాడిందా అని ఆవిడకి నిజంగానే బాధ.

ఆ సోమవారం రెండు జరిగాయి. ఒకటి, అన్నయ్య లోపలికొస్తూనే ప్రకటించాడు.

"పాలిషింగ్‌కి కొత్త మోటారు చెప్పాను. శుక్రవారం వస్తుంది. చప్పుడన్నదే ఉండదట. ఈ పాతది తూకానికి వేసెయ్యడమే."

ఆ మోటారు గురించి ఆయన అమ్మేవాణ్ణి అడిగాడు, ఇద్దరు డాక్టర్లని అడిగాడు, అచ్చు బాబాయిని కూడా అడిగాడు. దాని ముందు రోజుకి ఎనిమిది గంటలు నిలబడే చెల్లెల్ని అడగాలని ఆయనకి తట్టలేదు. ఆవిడ మాస్కు వెనక పెదవి కొరుక్కుని ఇంకో పళ్ళసెట్టు అందుకుంది.

రెండు, మధ్యాహ్నం కోడలు ఒక కొత్త ఆల్బమ్ పెట్టింది. పేరు 'ఏడో అంతస్తు'. ఎవరో కొత్త గాయని, తొమ్మిది పాటలు. మొదటి పాట మొదలైన అర నిమిషానికి పాలిష్ అక్క ఒంట్లో ఏదో తలుపు తెరుచుకుంది. గొంతు కింద ఒక సన్నటి శ్రుతి పరుచుకుని ఉంది, దాని మీద ఆ గొంతు హాయిగా కాళ్ళు చాపుకుని కూర్చుంది. పదకొండేళ్ళలో ఒక్క ఆల్బమ్ కూడా ఇంత నిక్కచ్చిగా శ్రుతిలో వినపడలేదు. తొమ్మిది పాటలూ అయ్యేసరికి ఆవిడ అద్దాల లోపల కళ్ళు తడిసిపోయాయి. చార్టులో బాబాయి పదమూడు, కోడలు ఇరవై ఏడు, అన్నయ్య ఇరవై ఒకటి.

ఆ సాయంత్రమే కూర్చుని ఉత్తరం రాసి, మర్నాడు పొద్దున తానే రేడియో ఆఫీసు పెట్టెలో వేసి వచ్చింది. "పాట కింద ఒక శ్రుతి మొదటి నుంచి చివరిదాకా ఆగకుండా ఉంటుంది. పాటకీ పాటకీ మధ్య కూడా ఆగదు, ఎంత ధైర్యం. అక్కడక్కడా కాస్త కుంగి మళ్ళీ లేస్తుంది, పెద్దవాళ్ళు కుర్చీలోంచి లేచినట్టు. ఈ శ్రుతి పెట్టిన మనిషికి నా నమస్కారం" అని.

గురువారం మధ్యాహ్నం ల్యాబుకి ఫోన్ వచ్చింది. అన్నయ్య ఎత్తి, విని, ఫోను చేత్తో మూసి, చెల్లెలి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

"రేడియో వాళ్ళట. నీకట."

కార్యక్రమం నడిపే ఆవిడ గొంతు ఫోన్లో కూడా రేడియోలాగే ఉంది. "మీ ఉత్తరం గాయనికి చదివి వినిపించామండీ. ఆ శ్రుతి సంగతి తనకే తెలీదట. మిక్సింగ్ చేసినాయన ఏమైనా చేశాడేమో, అది ఎక్కడుందో మీరు చూపిస్తే వింటానంది. రేపు పదకొండింటికి స్టూడియోకి రాగలరా? ఇద్దరూ ఎదురెదురుగా, లైవ్‌లో. ఇంత సున్నితమైన చెవి ఉన్న శ్రోత మాకు ఇన్నేళ్ళలో తగల్లేదు."

పాలిష్ అక్క "వస్తాను" అంది. ఆ తర్వాత రెండు గంటలు ల్యాబులో పని జరగలేదు. కోడలు ఆవిణ్ణి పట్టుకుని గిరగిరా తిప్పింది. బాబాయి తన కొత్త రుమాలు ఇస్తానన్నాడు. అన్నయ్య ఫోన్ చేసిన ప్రతి డాక్టరుకీ "మా చెల్లెలు రేపు రేడియోలో..." అని మొదలుపెట్టి, పళ్ళ సంగతి మర్చిపోయాడు. ఆవిడకి నేల మీద కాళ్ళు ఆనలేదు. పదకొండేళ్ళకి ఒక మనిషి, అదీ రేడియోలో మనిషి, నీకేమనిపించిందమ్మా అని అడిగింది. అది మాటలా.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, కాగితం కలం పెట్టుకుని, ఏ పాటలో ఎన్నో నిమిషంలో శ్రుతి కుంగుతుందో రాసుకుందామని ఆల్బమ్ పెట్టింది.

శ్రుతి లేదు.

పాట ఉంది, గొంతు ఉంది, వాయిద్యాలున్నాయి. శ్రుతి మాత్రం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు ఎక్కడా లేదు. ధ్వని పెంచింది. తగ్గించింది. ఫ్యాను ఆపింది. కిటికీ మూసింది. స్పీకరుకి చెవి ఆనించింది. చివరికి మంచం మీదున్న అత్తగారిని లేపి కూర్చోబెట్టింది.

"అత్తయ్యా, పాట కింద ఏదైనా సన్నగా వినిపిస్తోందా మీకు?"

"పళ్ళు తీసేశానమ్మా" అంది అత్తగారు. "పళ్ళు లేకపోతే నాకు చెవి కూడా సరిగ్గా ఆనదు."

ఆవిడకి ఏదో అనుమానం వచ్చింది. ఆవిడ 'నీలి గొడుగు' వెతికి పెట్టింది. ల్యాబులో రెండొందల సార్లు విన్నది, ఇంట్లో ఎప్పుడూ పెట్టలేదు, శ్రుతి తప్పిన ఆల్బమ్‌ని ఇంటికి కూడా తెచ్చుకోవడమెందుకని. మొదటి పాట మొదలైంది. ఆ గొంతు నిదానంగా, ఎక్కడా తొణక్కుండా, ఎక్కడ అడుగెయ్యాలో అక్కడే అడుగేస్తూ వచ్చింది. వెంట్రుకవాసి కాదు గదా, దానిలో వందో వంతు కూడా తప్పలేదు. ఇంత అందమైన పాటనా తను ఇన్నేళ్ళూ తప్పుపట్టింది అని ఆవిడకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఎనిమిది పాటలూ విన్నది. అత్తగారు పళ్ళు పెట్టుకుని వచ్చి ఆరో పాట నుంచి పక్కనే కూర్చుని విన్నది.

మర్నాడు పొద్దున అందరికంటే ముందు ల్యాబుకి వెళ్ళింది. 'ఏడో అంతస్తు' పెట్టింది. శ్రుతి లేదు. చెయ్యి చాచి మోటారు స్విచ్చి వేసింది. పాట కింద సన్నటి శ్రుతి నెమ్మదిగా లేచి, వచ్చి తన చోట తాను కూర్చుంది. గుడ్డచక్రానికి ఒక పళ్ళసెట్టు ఆనించి నొక్కింది. శ్రుతి కాస్త కుంగింది. వదిలింది. లేచింది, పెద్దవాళ్ళు కుర్చీలోంచి లేచినట్టు.

పదకొండేళ్ళు చెవి పక్కనే మోగిన మోటారుని ఆవిడ చెవి ఎప్పుడో చప్పుడుగా లెక్కపెట్టడం మానేసింది. చెవి మానేసినా మోటారు మానలేదు. ఊళ్ళో ఉన్న ఆల్బమ్‌లన్నిటినీ ఆవిడ దాని పక్కన నిలబెట్టి కొలిచి, దానితో కలవని ప్రతిదాన్నీ శ్రుతి తప్పిందంది. ఏడో అంతస్తు పాపం ఏ పుణ్యమో చేసుకుని దానితో కలిసింది.

అచ్చు బాబాయి వచ్చేసరికి ఆవిడ స్టూలు మీద కూలబడి ఉంది. బాబాయి గిన్నెలో ప్లాస్టర్ కలుపుతూ మొత్తం విన్నాడు. 'నీలి గొడుగు' దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగిపోయింది. తర్వాత భుజాలు ఊగడం మొదలైంది. నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ మొదలెట్టాడు. ఆయన నవ్వు పూర్తయ్యేసరికి గిన్నెలో ప్లాస్టర్ గరిటెతో సహా గట్టిపడిపోయింది.

"మూడు ఉత్తరాలు రాశావా దాని మీద?" అన్నాడు.

"మూడు, బాబాయ్. క్షమించు."

"నన్నెందుకు, దాన్ని అడుగు" అని మళ్ళీ నవ్వాడు.

కోడలికి నవ్వు రాలేదు. "అక్కా, ఒప్పుకోకు. మీ స్పీకర్లు మంచివి కావు, మా దగ్గర వినిపిస్తుంది అని దబాయించు. రేడియోలో ఎవరు చూడొచ్చారు" అంది. అన్నయ్య ఇంకో దారి చెప్పాడు. "జ్వరమని చెప్పేద్దాం. నవ్వులపాలైతే రేపణ్ణుంచి ఏ డాక్టరైనా మన పాలిష్‌ని నమ్ముతాడా?"

వాళ్ళు చెప్పినవి రెండూ తప్పు కాదు. దబాయిస్తే పరువు నిలుస్తుంది. జ్వరమైతే నవ్వులూ ఉండవు. కానీ ఆవిడకి ఒకటే తోచింది. జన్మలో మొదటిసారి అభిప్రాయం అడిగారు. ఇప్పుడు అబద్ధం చెబితే ఆ అడిగింది తనని కానట్టే. నిజం చెబితే ఇంకెప్పుడూ అడగరు. అడక్కపోతే పోనీ, ఒక్కసారైనా తన మాట తనదిగా చెబుతాను అనుకుంది. బాబాయి రుమాలు తీసుకుని బస్సెక్కింది.

స్టూడియో గోడలకి మెత్తలు అంటించి ఉన్నాయి. తలుపు మూయగానే ఆవిడకి తన గడియారం చప్పుడు వినిపించింది. అంత నిశ్శబ్దంలో ఆవిడ ఎప్పుడూ పని చెయ్యలేదు. ఎదురుగా గాయని, బక్కపల్చటి పిల్ల, గోళ్ళు కొరికి కొరికి ఉన్నాయి, చేతిలో దగ్గు బిళ్ళల పొట్లం. ఈవిడెంత భయపడుతోందో ఆ పిల్ల అంతకు రెట్టింపు భయపడుతోంది.

ఎర్రదీపం వెలిగింది. కార్యక్రమం నడిపే ఆవిడ అడిగింది. "చెప్పండి. ఆ శ్రుతి ఎక్కడుంది?"

"మా ల్యాబులో ఉందండీ" అంది పాలిష్ అక్క.

"అంటే?"

"పళ్ళు పాలిష్ చేసే మోటారండీ అది. మీ ఆల్బమ్‌లో అలాంటిదేమీ లేదు. నిన్న సాయంత్రం ఇంట్లో విన్నాకే తెలిసింది. అది కుంగేది నేను పళ్ళసెట్టు గట్టిగా నొక్కినప్పుడు. పాటకీ పాటకీ మధ్య కూడా ఆగదని రాశాను కదా, ఎలా ఆగుతుంది, ఆపాల్సింది నేనే కదా."

రేడియోలో మూడు సెకన్ల మౌనం అంటే బయట మూడు గంటలు. నాలుగో సెకనులో గాయని గొంతులోంచి వెక్కిలి లాంటిదొకటి వచ్చింది. దగ్గు బిళ్ళ బయటపడింది. ఆ పిల్ల బల్ల మీద తల పెట్టుకుని నవ్వింది. దాన్ని చూసి నడిపే ఆవిడ నవ్వింది. రేడియో గొంతు కాకుండా ఆవిడకి వేరే గొంతు కూడా ఉందని ఊరికి ఆ రోజే తెలిసింది.

"ఉత్తరం విన్నప్పట్నుంచీ నిద్ర లేదండీ నాకు" అంది గాయని కళ్ళు తుడుచుకుంటూ. "నా ఆల్బమే నాకు తెలియకుండా పోయిందనుకున్నా. మీ మోటారు ఏ శ్రుతిలో ఉంటుంది?"

"దాని పేరు నాకు తెలీదమ్మా. కావాలంటే వినిపిస్తాను."

పాలిష్ అక్క కళ్ళు మూసుకుని, పెదాలు మూసి, ముక్కుతో సన్నగా మోటారు పట్టింది. పదకొండేళ్ళ పాటు రోజుకి ఎనిమిది గంటలు సాధన చేసిన శ్రుతి. ఇసుమంత కదల్లేదు. గాయని ఒక్క క్షణం తల వంచి విని, దాని మీద తన మొదటి పాట ఎత్తుకుంది. వాయిద్యాల్లేవు, ఏమీ లేదు, ఒక గొంతు, కింద ఒక పళ్ళ మోటారు. చరణం చివరికి వచ్చేసరికి పాలిష్ అక్క బొటనవేళ్ళు అలవాటు కొద్దీ బల్ల మీద లేని పళ్ళసెట్టుని నొక్కాయి, శ్రుతి కుంగింది. గాయని కూడా దానితో పాటు కుంగి, దానితో పాటే లేచింది. ఆ రోజు ఊళ్ళో పదకొండున్నర వార్తలు రెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చాయి.

వెళ్ళే ముందు నడిపే ఆవిడ "ఇంకేమైనా చెబుతారా?" అని అడిగింది.

"పదకొండేళ్ళుగా మీకు రాసిన ఉత్తరాలన్నీ వెనక్కి తీసుకుంటున్నానండీ. 'నీలి గొడుగు' శ్రుతి తప్పలేదు. తప్పింది నేను" అంది పాలిష్ అక్క.

బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి ల్యాబులోంచి మోటారు మోత వినపడింది. తన బెంచీ దగ్గర ఎవరు చేస్తున్నారా అని గబగబా లోపలికి వెళ్ళింది. బెంచీ దగ్గర ఎవరూ లేరు. చక్రం ఊరికే తిరుగుతోంది. దాని పక్కనే స్టూలు మీద రేడియో. రేడియో చుట్టూ ముగ్గురూ నిలబడి ఉన్నారు.

"మోటారు వేసి విన్నాం అక్కా. నువ్వు స్టూడియోలో పట్టింది, ఇక్కడిది, రెండూ అతుక్కుపోయాయి. ఏది ఏదో తెలీలేదు" అంది కోడలు. ఆవిడ ఇందాక ఏడ్చినట్టు ముక్కు చెబుతోంది.

తలుపు పక్కన కొత్త మోటారు పెట్టె, ఇంకా విప్పలేదు. అన్నయ్య దాని మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"దీని సంగతి... నిన్నే అడగాలి కదా నేను. ముందే అడగాల్సింది. ఏం చేద్దామంటావ్?"

పాలిష్ అక్కకి ఆ అడిగిన మాటని కాసేపు చేతిలో పట్టుకుని చూసుకోవాలనిపించింది. తర్వాత వెళ్ళి మోటారు ఆపింది. గది నిశ్శబ్దమైంది.

"కొత్తది బిగిద్దాం అన్నయ్యా. చప్పుడు లేకపోతే బాబాయి పాటలు సరిగ్గా వింటాను. పాతది మాత్రం తూకానికి వెయ్యొద్దు. ఏడో అంతస్తు పెట్టినప్పుడు వేసుకుందాం."

"సరే" అన్నాడు అన్నయ్య. ఇరవై ఒకటి వేసే మనిషి, అంత త్వరగా దేనికీ సరే అని ఎరగడు.

అప్పుడు చూసింది ఆవిడ గోడ వైపు. చార్టులో మూడో గడి పక్కన, స్కేలు పెట్టి గీసిన కొత్త గీత ఒకటి ఉంది. సిరా ఇంకా ఆరలేదు. పై నుంచి కింది దాకా ఖాళీ గడులు, పదకొండేళ్ళవి.

బాబాయి కలం మూత తీసి చేతికిచ్చాడు. ఆవిడ 'నీలి గొడుగు' ఉన్న వరస వేలితో వెతుక్కుంటూ పైకి వెళ్ళింది, దొరికింది, దాని ఎదురుగా రాసింది. ముగ్గురూ మెడలు చాచి చూశారు.

"ముప్పై రెండా" అంది కోడలు. "ఇరవై ఎనిమిది దాటకూడదు కదక్కా, తీర్మానం."

"ఆ తీర్మానం చేసినప్పుడు నన్నెవరూ అడగలేదు" అంది పాలిష్ అక్క.

అచ్చు బాబాయి వెళ్ళి స్పీకరులో 'నీలి గొడుగు' పెట్టి, వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.